సంతకం పెట్టని హైరిక్

చర్చి ఆస్తులు సర్కారుకు అప్పగించమన్న జార్ చక్రవర్తి.. కుదరదన్న 83 ఏళ్ల పీఠాధిపతి

చెన్నైలో పారిస్ కార్నర్‌కు పనిమీద వెళ్లే మనవాళ్లకు ఆర్మీనియన్ స్ట్రీట్ కొత్త కాదు. తమిళుల నోట్లో నలిగి నలిగి అది అరణ్మనైక్కారన్ వీధి అయింది. అరమనకూ ఆ వీధికీ ఏ సంబంధమూ లేదు. ఆర్మీనియా నుంచి, పర్షియా నుంచి వచ్చిన వర్తకులు అక్కడ కాపురం ఉండేవాళ్లు. మన బందరు రేవులోనూ వాళ్లు వ్యాపారం చేశారు. 1772లో కట్టిన వాళ్ల చర్చి ఇప్పటికీ ఆ వీధిలో ఉంది. ప్రార్థనకు వచ్చే ఆర్మీనియన్లు మాత్రం చెన్నైలో మిగల్లేదు. కోల్‌కతాలోని వాళ్ల కమిటీయే దాని ఆలనాపాలనా చూస్తోంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆర్మీనియన్ భాషలో ప్రపంచంలోనే మొట్టమొదటి పత్రిక అచ్చయింది మద్రాసులో. పేరు అజ్దరార్. 1794లో హారుత్యున్ ష్మావోనియన్ అనే మతగురువు దాన్ని నడిపాడు.

సొంత గడ్డకు వేల మైళ్ల దూరంలో ఉన్నా వాళ్లు ముందు చర్చి కట్టుకున్నారు, తర్వాత అచ్చుయంత్రం పెట్టుకున్నారు. దానికి కారణం ఉంది. ఆర్మీనియన్లకు సొంత రాజ్యం పోయి అప్పటికే శతాబ్దాలు దాటింది. సగం దేశం టర్కీ సుల్తాను కింద, మిగతాది మొదట పర్షియా షా కింద, 1828 తర్వాత రష్యా జార్ కింద. రాజ్యం చేయాల్సిన పనులన్నీ చర్చి నెత్తిన పడ్డాయి. బడి చర్చిదే, అనాథల ఇల్లు చర్చిదే, అచ్చుయంత్రమూ చర్చిదే. వాటికి కావలసిన డబ్బు మాన్యాల కౌలు నుంచి, దుకాణాల అద్దెల నుంచి, భక్తులు రాసిచ్చిన ఆస్తుల నుంచి వచ్చేది. గుడి మాన్యం మీద బడి నడవడం మన పల్లెలకూ తెలిసిన సంగతే.

1903లో రష్యా సర్కారు ఆ ఆస్తుల మీద చెయ్యి వేసింది. అడ్డం నిలబడ్డ మనిషి పేరు మకర్తిచ్ ఖ్రిమియాన్. ఆర్మీనియన్లు ఆయన్ను పేరు పెట్టి పిలవరు. హైరిక్ అంటారు. మన మాటలో చెప్పాలంటే నాన్నగారు.

వాన్ సరస్సు ఒడ్డున

ఖ్రిమియాన్ పుట్టింది 1820లో. ఊరు వాన్. ఇప్పుడు తూర్పు టర్కీలో ఉంది. ఊరి పక్కనే సముద్రంలాంటి ఉప్పునీటి సరస్సు. పూర్వీకులు క్రిమియాతో వ్యాపారం చేసేవారట. ఇంటిపేరు అలా వచ్చిందంటారు. సరస్సు దీవుల్లో ఉన్న మఠాల్లో చదువుకున్నాడు. ప్రాచీన ఆర్మీనియన్ భాష, చరిత్ర ఒంటబట్టించుకున్నాడు. పెద్ద పెద్ద డిగ్రీలేమీ లేవు. బతుకుతెరువు బడిపంతులు పని.

పెళ్లి చేసుకున్నాడు. ఒక కూతురు. తల్లీబిడ్డా ఇద్దరూ చనిపోయారు. ఆ దుఃఖం తర్వాత ఇంటి ధ్యాస వదిలేశాడు. 1854లో సరస్సు నడుమ ఉన్న అఖ్తమార్ దీవిలో సన్యాసం పుచ్చుకుని మతగురువు అయ్యాడు. ఇల్లు పోయినవాడికి జనమే ఇల్లయింది.

సన్యాసి అయ్యాడు కదా అని కళ్లు మూసుకుని కూర్చోలేదు. మరుసటేడే కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో, ఆర్చ్‌వి వస్పురకాన్ అనే పత్రిక మొదలుపెట్టాడు. వస్పురకాన్ గద్ద అని దాని అర్థం. వాన్ ప్రాంతానికి పాతపేరు వస్పురకాన్. రాజధానిలో కూర్చుని పల్లె గురించి రాస్తే లాభం లేదనుకున్నాడు. వాన్ దగ్గర కొండమీద ఉన్న వరాగ్ మఠానికి పెద్దగా వెళ్లి, 1858 నుంచి పత్రికను అక్కడే అచ్చు వేయించాడు. మఠంలోనే బడి పెట్టాడు. రైతుల పిల్లలు వచ్చి చదివేవారు. తర్వాత 1862లో ముష్ ప్రాంతపు మఠానికి మారితే అక్కడా అదే వరస. ఇంకో బడి, ఇంకో పత్రిక.

మాన్యం పంట బడికి ఎలా చేరుతుందో, బడి నుంచి భాష ఎలా బతుకుతుందో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. చేతులతో చేసి తెలుసుకున్నది. 1903 నాటి పట్టుదలకు వేళ్లు ఇక్కడే ఉన్నాయి.

కాగితం గరిటె

1869లో ఆయన్ను కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్‌గా ఎన్నుకున్నారు. టర్కీ రాజ్యంలోని ఆర్మీనియన్లందరికీ సర్కారు ఎదుట పెద్దదిక్కు ఆ పదవి. అప్పటిదాకా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు రాజధాని షావుకార్ల మాట వినేవాళ్లు. ఈయన పల్లెల నుంచి వచ్చినవాడు. భూములు లాక్కోవడాలు, దౌర్జన్యపు పన్నులు, దోపిడీల గురించి జిల్లాల వారీగా ఫిర్యాదులు సేకరించి 1872లో సుల్తాను సర్కారుకు నివేదిక పెట్టించాడు. సర్కారుకు నచ్చలేదు. షావుకార్లకూ రుచించలేదు. 1873లో రాజీనామా చేసి దిగిపోయాడు.

1878లో రష్యా, టర్కీ యుద్ధం ముగిశాక బెర్లిన్‌లో ఐరోపా రాజ్యాలు కూర్చుని పంపకాలు మొదలుపెట్టాయి. ఆర్మీనియన్ల తరఫున విన్నపం పట్టుకుని వెళ్లిన బృందానికి ఖ్రిమియానే పెద్ద. సమావేశంలోకి వాళ్లను రానివ్వలేదు. సెర్బియా, మాంటెనిగ్రో, రుమేనియా స్వతంత్రమయ్యాయి. బల్గేరియాకు స్వపరిపాలన దక్కింది. ఆర్మీనియన్లకు దక్కింది 61వ అధికరణం ఒక్కటే. సంస్కరణలు చేస్తామన్న మాట తప్ప చేయించే నాథుడు లేడు.

తిరిగొచ్చాక చర్చిలో జనానికి ఆయన చెప్పిన కథ ఆర్మీనియన్లలో పిల్లలకు కూడా తెలుసు. బెర్లిన్‌లో బల్లమీద పెద్ద గంగాళం నిండా హరీసా పెట్టారట. గోధుమ, మాంసం కలిపి మెత్తగా ఉడికించే వంటకం అది. మన హైదరాబాద్ హలీంకు దగ్గరి చుట్టం. బల్గేరియన్లు, సెర్బులు, మాంటెనిగ్రో వాళ్లు ఇనుప గరిటెలు పెట్టి ఎవరి వాటా వాళ్లు తోడుకెళ్లారు. తన చేతిలో ఉన్నది విన్నపం అనే కాగితం గరిటె. గంగాళంలో ముంచగానే కరిగిపోయింది. వట్టి చేతులతో తిరిగి రావాల్సి వచ్చింది.

ఆ కథను ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకున్నారు. కుర్రకారుకు అది తుపాకీ పట్టమని పిలుపులా వినిపించింది. తర్వాతి ఇరవై ఏళ్లలో పుట్టుకొచ్చిన విప్లవ పార్టీలు ఆ గరిటెను తరచూ గుర్తు చేసుకున్నాయి. ఖ్రిమియాన్ మాత్రం 1879లో మళ్లీ వాన్ చేరి, కరువులో జనానికి తిండి చూడటంలో, బడులు నిలబెట్టడంలో పడ్డాడు. రైతు భూమిని ఎలా చూసుకోవాలో ఒక తాత మనవడికి చెబుతున్నట్టుగా ఆయన రాసిన పుస్తకం 1894లో వచ్చింది. ఇనుప గరిటె అంటే తుపాకీ ఒక్కటేనా, లేక తన కాళ్లమీద తాను నిలబడ్డ ఊరు కూడానా? ఆయన జీవితం మొత్తం చూస్తే రెండో అర్థమే ఎక్కువ కనిపిస్తుంది.

ప్రవాసం నుంచి పీఠానికి

సుల్తాను అబ్దుల్ హమీద్ ఆయన్ను నమ్మలేదు. 1885లో వాన్ నుంచి రాజధానికి రప్పించి కళ్లముందు ఉంచుకున్నాడు. 1890లో జెరూసలేం పంపేశాడు. పేరుకు తీర్థయాత్ర, అసలుకు దేశబహిష్కారం. అక్కడి మఠంలో ఉండగానే 1892లో కబురు వచ్చింది. ఆర్మీనియన్లందరికీ కాథలికోస్‌గా ఆయన్నే ఎన్నుకున్నారు.

కాథలికోస్ అంటే ఆర్మీనియన్ చర్చికి సర్వోన్నత పీఠాధిపతి. ఇది రోము పోపు కింద ఉండే చర్చి కాదు. నాలుగో శతాబ్దం నుంచి తనదైన దారిలో నడుస్తున్న చర్చి. పీఠం ఎచ్మియాజిన్‌లో. అది అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉంది. సుల్తాను తన నేల మీదుగా వెళ్లడానికి ఒప్పుకోలేదు. డెబ్బై దాటిన మనిషి ఐరోపా అంతా చుట్టి రష్యా మీదుగా ఎచ్మియాజిన్ చేరాడు. 1893లో పట్టాభిషేకం జరిగింది.

పీఠం ఎక్కాడన్న మాటే గానీ చేతులు కట్టేసే ఉన్నాయి. రష్యా 1836లోనే ఆర్మీనియన్ చర్చికి ఒక నియమావళి రాసిపెట్టింది. ఆరాధన, సొంత బడులు, ఆస్తులు చర్చికే వదిలింది. బదులుగా కాథలికోస్‌ను ఖాయం చేసే అధికారం జార్ దగ్గర పెట్టుకుంది. చర్చి పాలకమండలి మీద కన్నేసి ఉంచడానికి సర్కారు అధికారి ఒకరు అక్కడే ఉండేవాడు. ఇచ్చిపుచ్చుకోవడంలా ఉన్న ఆ ఏర్పాటు అరవై ఏళ్లు ఎలాగో నడిచింది.

ముందు బడి, తర్వాత మాన్యం

ఆయన పీఠం ఎక్కిన మరుసటేడే అవతలి ఒడ్డున, టర్కీలో, ఆర్మీనియన్ల ఊచకోత మొదలైంది. 1894 నుంచి 1896 దాకా సాగింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని జనం సరిహద్దు దాటి రష్యా వైపు వచ్చారు. ఎచ్మియాజిన్ ప్రాంగణం కాందిశీకులతో, అనాథలతో నిండిపోయింది. హైరిక్ తలుపులు తెరిచిపెట్టాడు. రష్యా అధికారులకు ఇది కంటగింపు అయింది. 1895లో స్వయంగా సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లి జార్ రెండో నికొలస్‌ను కలిసినా పెద్దగా ఒరిగింది లేదు.

ఇంతలో రష్యా సర్కారు తీరు మారింది. సామ్రాజ్యంలో ఎవరి భాష వాళ్లకు ఉంటే ఎలా, అందరూ రష్యన్లలా కావాలన్న విధానం ముదిరింది. ఆర్మీనియన్ చర్చి బడులను 1885లో ఒకసారి మూసి, మరుసటేడు మళ్లీ తెరవనిచ్చారు. ఈసారి అలా కాదు. 1896, 97 ప్రాంతంలో వందల బడులకు తాళాలు పడ్డాయి.

తాళం వేశాక అసలు పేచీ వచ్చింది. బడి మూతపడితే బడికి రాసిచ్చిన ఆస్తి ఎవరిది? విద్యాశాఖదని సర్కారు అంది. దాతలు చర్చిని నమ్మి ఇచ్చారు కాబట్టి చర్చిదేనని ఎచ్మియాజిన్ అంది. అప్పటి కాకసస్ పాలకుడు ప్రిన్స్ గోలిత్సిన్ ఈ తగువును ఒక్క దెబ్బతో తేల్చేద్దామనుకున్నాడు. బడుల ఆస్తులేం ఖర్మ, చర్చి ఆస్తులన్నీ సర్కారు చేతికి వస్తే సరి. లెక్కలు సరిగా లేవని, చర్చి డబ్బు విప్లవకారులకు చేరుతోందని అతని వాదన. మంత్రుల్లోనే ఎక్కువమంది ఇది తగదన్నారు. జార్ మాత్రం గోలిత్సిన్ మాటకే మొగ్గాడు.

1903 జూన్ 12న, అప్పటి రష్యా కాలమానం ప్రకారం, ఫర్మానా వచ్చింది. చర్చి పొలాలు, అద్దె భవనాలు, నిల్వ సొమ్ము సర్కారు శాఖల కిందికి వెళ్లాలి. వచ్చే ఆదాయంలోంచి చర్చి ఖర్చులకు సర్కారే కొంత ఇస్తుంది. ప్రార్థనలు ఎప్పటిలాగే చేసుకోవచ్చు.

చూడటానికి మెత్తగానే ఉంది. చర్చిని మూయమనలేదు, ప్రార్థన ఆపమనలేదు. కానీ దీపంలో నూనె పోసే చెయ్యి సర్కారుదైతే, ఆ దీపం ఎప్పుడు వెలగాలో చెప్పేదీ సర్కారే అవుతుంది. మతగురువు జీతం కోసం కచేరీ గుమ్మం దగ్గర నిలబడాలి. బడి ఏ భాషలో నడవాలో, అసలు నడవాలో వద్దో పై నుంచి చెబుతారు. నమ్మి ఆస్తి రాసిచ్చిన దాతల మాట గాల్లో కలిసిపోతుంది. హైరిక్‌కు ఇవన్నీ కొత్త పాఠాలు కావు. వరాగ్ మఠంలో యాభై ఏళ్ల కిందటే నేర్చుకున్నవి.

కుదరదు

అప్పుడాయన వయసు 83. ఎదురుగా ఉన్నది ప్రపంచంలోనే పెద్ద సామ్రాజ్యాల్లో ఒకటి. చక్రవర్తికి విన్నపాలు పంపారు. ఫలితం లేదు. కాగితం గరిటె మళ్లీ కరిగింది.

ఈసారి హైరిక్ అక్కడితో ఆగలేదు. ఆస్తుల జాబితాలు అప్పగించవద్దని, సర్కారు కాగితాల మీద సంతకాలు పెట్టవద్దని, సర్కారు ఇస్తానన్న సొమ్ము ముట్టవద్దని తన మతగురువులకు కబురు చేశాడు. ఆయన చేతిలో సైన్యం లేదు, కోర్టు లేదు. ఉన్నది ఒక్కటే. ఇష్టపూర్వకంగా ఇచ్చామన్న సంతకం ఆయన పెడితేనే సర్కారు పనికి మర్యాద దక్కుతుంది. ఆ సంతకమే ఆయన పెట్టలేదు. దౌర్జన్యంగా తీసుకుంటే తీసుకోండి, మేమిచ్చామని మాత్రం అనిపించుకోలేరు అన్నది ఆయన వైఖరి.

సర్కారు దౌర్జన్యంగానే తీసుకుంది. ఎచ్మియాజిన్‌కు అధికారులు బలగంతో వచ్చారు. తాళంచెవులు ఇవ్వకపోతే ఖజానాను బలవంతంగా తెరిచారు. ఊరూరా చర్చి ఆస్తులకు సర్కారు ముద్రలు పడ్డాయి.

జనం వీధుల్లోకి వచ్చారు. అలెగ్జాండ్రోపోల్, అంటే నేటి గ్యుమ్రి, కార్స్, గాంజా, తిఫ్లిస్, బాకూ.. ఎక్కడ చూసినా ఊరేగింపులు. కొన్నిచోట్ల పోలీసులు, సైనికులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. రైతు, వర్తకుడు, నూనెబావి కూలీ, మతమంటే పట్టని విప్లవకారుడు అందరూ ఒక్క పక్షమయ్యారు. సుల్తాను కంటే జార్ నయమనుకుంటూ తరాలుగా రష్యాకు విధేయంగా ఉన్న జనాన్ని ఒక్క ఫర్మానా తిప్పేసింది.

సర్కారు కోర్టులకు వెళ్లడం మానేసి తగవులు తమలో తామే తీర్చుకున్నారు. మూసిన బడులకు బదులు ఇళ్లలో పాఠాలు నడిపారు. మతగురువులు సర్కారు సొమ్ము ముట్టలేదు, జనం చందాలతో గడుపుకొచ్చారు. సహాయ నిరాకరణ అన్న మాట మన దేశంలో మార్మోగడానికి పదిహేడేళ్ల ముందు సంగతి ఇది.

అంతా శాంతంగా సాగిందనీ చెప్పలేం. 1903 అక్టోబరులో తిఫ్లిస్ దగ్గర గోలిత్సిన్ మీద హత్యాయత్నం జరిగింది. అతను గాయాలతో బయటపడ్డాడు. దాడి చేసిన ముగ్గురూ చనిపోయారు. తర్వాత కూడా అధికారుల మీద దాడులు ఆగలేదు. ఉద్యమం పగ్గాలు క్రమంగా దష్నాక్ వంటి పార్టీల చేతికి వెళ్లాయి. ముసలి పీఠాధిపతి చెప్పిన నిరాకరణకు పక్కనే తుపాకీ కూడా నడిచింది. ఏది ఎంత పని చేసిందన్న వాదన ఆర్మీనియన్ చరిత్రకారుల్లో ఉన్నదే.

రెండేళ్ల తర్వాత

1905 వచ్చింది. జపాను చేతిలో రష్యా ఓడిపోయింది. సామ్రాజ్యమంతటా విప్లవం రగిలింది. బాకూలో ఆర్మీనియన్లకూ, అప్పట్లో తాతారులని పిలిచే అజర్‌బైజానీ ముస్లింలకూ మధ్య ఘోరమైన కొట్లాటలు జరిగాయి. కాకసస్ చేజారేలా ఉందని జార్‌కు అర్థమైంది. గోలిత్సిన్ అప్పటికే వెళ్లిపోయాడు. కొత్త వైస్రాయ్ వొరొంత్సోవ్ దాష్కోవ్ వచ్చీ రాగానే చేసిన సిఫారసుల్లో ముఖ్యమైనది చర్చి ఆస్తులు తిరిగి ఇచ్చేయమని.

1905 ఆగస్టు 1న జార్ తన ఫర్మానాను తానే వెనక్కి తీసుకున్నాడు. ఆస్తులు చర్చికి వచ్చాయి. బడుల తాళాలు తీశారు. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

ఆ రోజు చూడటానికి హైరిక్ బతికే ఉన్నాడు. వయసు 85. బెర్లిన్ నుంచి వట్టి చేతులతో వచ్చిన మనిషి చివరకు ఒక్కసారి వాటా తీసుకునే వచ్చాడు. మరో రెండేళ్లకు, 1907 అక్టోబరు చివర్లో, ఎచ్మియాజిన్‌లోనే కన్నుమూశాడు. పీఠం ఆవరణలోనే సమాధి చేశారు.

మిగిలిందేమిటి

ఆ గెలుపు శాశ్వతం కాలేదు. 1915 మారణకాండలో వాన్ ఆర్మీనియన్లు చెల్లాచెదురయ్యారు. ఆయన పత్రిక అచ్చువేసిన వరాగ్ మఠం తగలబడింది. ఎచ్మియాజిన్ ఉన్న రష్యా ఆర్మీనియాలో 1920లో సోవియట్ పాలన వచ్చింది. చర్చి భూములు, బడులు, అచ్చుయంత్రం జాతీయమయ్యాయి. ఈసారి తిరిగి ఇమ్మని అడిగే వీలే లేకపోయింది. 1991లో ఆర్మీనియా స్వతంత్రమయ్యేదాకా చర్చి ఒదిగి ఒదిగి బతికింది.

అయినా ఆ జనం హైరిక్‌ను మరిచిపోలేదు. పరాయి ఏలుబడిలో ఉన్నవాళ్లకు ఆస్తి అంటే ఎకరాల లెక్క కాదని, పిల్లలు ఏ భాషలో అక్షరాలు దిద్దుతారన్నది ఆ ఎకరాల మీదే ఆధారపడుతుందని ఆయనకు తెలుసు. రాష్ట్రం హద్దు దాటి బతుకుతూ, తెలుగు బడి ఉంటుందో ఊడుతుందో అని ఏటా జూన్‌లో ఎదురుచూసే ఇళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈసారి పారిస్ కార్నర్ వైపు వెళితే ఆర్మీనియన్ స్ట్రీట్‌లో ఆ పాత చర్చి గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ వీధిలో అరమన ఎప్పుడూ లేదు. కట్టుకున్నవాళ్లకు దేశమూ లేదు. చర్చి మాత్రం నిలిచే ఉంది.